కిటికీ అద్దం లెన్స్ కాదు: రెండర్ టైమ్ ఎక్కడికి పోతోంది?

కంప్యూటర్లో గీసిన ఇంటీరియర్ సీన్ అంతా చకచకా రెండర్ (వెలుతురు లెక్కగట్టి ఫోటోలాంటి బొమ్మగా మారడం) అవుతూ ఉంటుంది. పాలరాతి ఫ్లోరింగ్, వార్డ్‌రోబ్ లామినేట్, సోఫా బట్ట, ఏదీ పెద్దగా ఇబ్బంది పెట్టదు. బాల్కనీకి స్లైడింగ్ అద్దాలు బిగించగానే కథ మారిపోతుంది. గది సగం చీకటి పడుతుంది. నేల మీద తెల్ల చుక్కలు తేలతాయి. శాంపిల్స్ (ఒక్కో పిక్సెల్‌కి వదిలే కిరణాలు) ఎంత పెంచినా నాయిస్ (బొమ్మ మీది చుక్కల గరుకు) పోదు. సీన్‌లో అన్నిటికంటే తక్కువగా కనిపించే వస్తువే అన్నిటికంటే ఎక్కువ టైమ్ తినేస్తుంది.

దీనికి చాలామంది చెప్పే మందు ఇంకా పెద్ద గ్రాఫిక్స్ కార్డు కొనడం. కొంటే కొంత వేగం వస్తుంది, కాదనను. కానీ పాత్ ట్రేసింగ్‌లో, అంటే కిరణాల దారులను వెంబడించి వెలుతురు లెక్కగట్టే పద్ధతిలో, నాయిస్ సగానికి తగ్గాలంటే శాంపిల్స్ నాలుగింతలు కావాలి, పావుకు తగ్గాలంటే పదహారింతలు కావాలి. ఆ లెక్కన రెండింతల వేగమున్న కార్డు కూడా గాజు ముందు తేలిపోతుంది. సమస్య కార్డులో లేదు, ఆ అద్దం గురించి మనం రెండర్ ఇంజన్‌కి ఏం చెప్పామన్న దాంట్లో ఉంది.

నేల మీదికి ఎండ ఎలా చేరుతుంది

వీ-రే, కరోనా, బ్లెండర్‌లోని సైకిల్స్ అనే రెండర్ ఇంజన్లన్నీ పాత్ ట్రేసింగ్ మీద నడిచేవే. 1986లో జేమ్స్ కజియా ప్రచురించిన రెండరింగ్ సమీకరణం వీటికి పునాది. కెమెరా నుంచి బయల్దేరిన కిరణం నేలకు తగిలిందనుకుందాం. ఆ చోట వెలుతురు ఎంతో తేల్చడానికి ఇంజన్ రెండు పనులు చేస్తుంది. అక్కడి నుంచి సూర్యుడి వైపు తిన్నగా ఒక షాడో రే పంపి, దారిలో అడ్డం ఏదైనా ఉందా అని చూస్తుంది. దాంతోపాటు ఏదో ఒక దిక్కుకి ఇంకో కిరణాన్ని వదిలి, అది వెళ్లి తగిలిన చోటి నుంచి ఎంత వెలుతురు వస్తోందో చూస్తుంది.

కిటికీ తెరిచి ఉంటే ఎండ పని మొదటి పద్ధతితోనే అయిపోతుంది. సూర్యుడు ఎటున్నాడో ఇంజన్‌కి ముందే తెలుసు కాబట్టి నేరుగా అటే చూస్తుంది. కొద్ది శాంపిల్స్‌లోనే ఎండ ఎక్కడ, నీడ ఎక్కడ అన్నది తేలిపోతుంది. మధ్యలో వక్రీభవనం ఉన్న గాజు వస్తే మాత్రం ఈ దారి మూసుకుపోతుంది. గాజులోకి దూరిన కిరణం వంగుతుంది. అవతలి ముఖం నుంచి బయటపడేటప్పుడు మళ్లీ ఎటు తిరుగుతుందో తిన్నగా వెళ్లే షాడో రేకి తెలియదు. అందుకని, వేరేగా చెప్పకపోతే ఇంజన్ ఆ గాజును గోడ కింద లెక్కేసి నీడ అని రాసుకుంటుంది.

ఇక మిగిలింది రెండో దారి, అంటే అదృష్టం. సూర్యబింబం మనకు అర డిగ్రీకి కాస్త పైగా వెడల్పు ఉంటుంది. నేల మీది ఒక చుక్క చూడగలిగే అర్ధగోళంలో అది సుమారు లక్షలో ఒక వంతు. గుడ్డిగా వదిలిన కిరణం గాజులోంచి వంగి వెళ్లి సరిగ్గా దానికే తగలాలి. పిక్సెల్‌కి వెయ్యి శాంపిల్స్ పెట్టినా నూటికి తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది పిక్సెల్స్‌కి ఆ యోగం ఉండదు. అందుకే గది చీకటిగా కనిపిస్తుంది. తగిలిన ఆ ఒకటి రెండు పిక్సెల్స్‌లో మాత్రం ఎండ శక్తంతా ఒక్క దెబ్బకి వచ్చి పడుతుంది. ఫైర్‌ఫ్లైస్ అంటూ అందరూ విసుక్కునే తెల్ల చుక్కలు అవే. చీకటి, చుక్కలు రెండు వేర్వేరు జబ్బులని చాలామంది అనుకుంటారు. చీకటికి ఎక్స్‌పోజర్ పెంచి, చుక్కలకు క్లాంప్ (ఒక్క శాంపిల్ తేగల వెలుతురుకు పెట్టే పరిమితి) తగ్గిస్తారు. నిజానికి రెండూ ఒకటే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కిటికీ అద్దానికి రెండు ముఖాలుంటాయి, అవి ఒకదానికొకటి సమాంతరం. 45 డిగ్రీల కోణంలో వచ్చిన కిరణం గాజులో దాదాపు 28 డిగ్రీలకు వంగుతుంది, అవతలి ముఖం దాటగానే మళ్లీ 45 డిగ్రీలకు వచ్చేస్తుంది. దిక్కు మారదు, కాస్త పక్కకు జరుగుతుందంతే. 6 మి.మీ. అద్దానికి ఆ జరుగుడు సుమారు 2 మి.మీ. నేల మీద పడిన ఎండ చారను అంత పక్కకు జరిపితే ఎవరూ కనిపెట్టలేరు. అంటే ఇంజన్ మొదట వేసిన తిన్నటి షాడో రే దాదాపు నూటికి నూరుపాళ్లు సరైనదే. అనవసరంగా దాన్ని కాదనుకుని లాటరీకి పోయింది.

ఆ రెండు ముఖాలు సమాంతరమని మనకు తెలుసు. ఇంజన్‌కి తెలియదు. దాని దృష్టిలో కిటికీ అద్దం, భూతద్దం, గాజు గ్లాసు అన్నీ ఒకటే. గాజు మెటీరియల్ సెట్టింగుల్లో థిన్ (పలుచన) అని ఉన్న టిక్ పెట్టడమంటే ఆ కబురు దానికి అందించడమే. చాలా ట్యుటోరియల్స్‌లో దీన్ని 'ఫేక్ గ్లాస్' అంటారు. నాకు ఆ పేరు నచ్చదు. చదునైన అద్దం విషయంలో ఫైర్‌ఫ్లైస్‌తో నిండిన 'రియల్' గ్లాస్ కంటే ఇదే నిజమైన అద్దానికి దగ్గర.

ఏ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడ

వీ-రే మెటీరియల్‌లో రిఫ్రాక్షన్ కింద 'అఫెక్ట్ షాడోస్' ఉంటుంది. షాడో రే గాజును దాటి, దాని రంగును మాత్రం పట్టుకుని వెళ్లేలా చేసేది అదే. పాత సీన్లు, ఎవరో పంపిన మోడల్స్ తెరిచినప్పుడు ముందు ఇది ఆన్‌లో ఉందో లేదో చూడండి. కొత్త వెర్షన్లలో 'థిన్ వాల్డ్' అనే ఆప్షన్ కూడా ఉంది. కరోనాలో కాస్టిక్స్ (గాజు, నీళ్ల లోంచి వంగి వచ్చిన వెలుతురు వేసే మెరుపులు) టిక్ మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది కాబట్టి అక్కడ ఈ సమస్య తక్కువ. పాత మెటీరియల్‌లో ఆ టిక్ పక్కన బ్రాకెట్లో 'స్లో' అని కూడా రాశారు, అయినా సరే దాన్ని ఆన్ చేసి తర్వాత టైమ్ ఎక్కువైందని అడిగేవాళ్లకు కొదవలేదు. ఫిజికల్ మెటీరియల్‌లో 'థిన్ షెల్' వాడితే వంగడం పూర్తిగా పోతుంది.

సైకిల్స్‌లో కాస్త చేతిపని ఉంది. అక్కడ నోడ్లు అనే చిన్న డబ్బాలను కలిపి షేడర్ (మెటీరియల్) తయారు చేస్తారు; వెలుతురు ఉపరితలాన్ని తాకి ఎటు పోతుందో చెప్పే నోడ్ బీఎస్‌డీఎఫ్. గ్లాస్ బీఎస్‌డీఎఫ్, ట్రాన్స్‌పరెంట్ బీఎస్‌డీఎఫ్ రెండింటినీ మిక్స్ షేడర్‌లో పెట్టి, లైట్ పాత్ నోడ్ నుంచి 'ఈజ్ షాడో రే', 'ఈజ్ డిఫ్యూజ్ రే'లలో ఏది పెద్దదైతే దాన్ని ఫ్యాక్టర్‌కి ఇస్తారు. కెమెరా గాజును చూస్తుంది, వెలుతురు లెక్కలకు మాత్రం అక్కడ ఖాళీయే ఉంటుంది. కిటికీల వరకైతే నేను ఇంకా సులువైనది వాడమంటాను: ట్రాన్స్‌పరెంట్, గ్లాసీ (ప్రతిబింబించే నోడ్) రెండింటినీ ఫ్రెనెల్ నోడ్‌తో (చూసే కోణాన్ని బట్టి ప్రతిబింబం పాళ్లు నిర్ణయించేది) కలపడం. అందులో వక్రీభవనమే లేదు.

అయితే సైకిల్స్‌లో ఇక్కడొక మెలిక. కిరణం ఎన్ని ట్రాన్స్‌పరెంట్ పొరలు దాటొచ్చో దానికి విడిగా ఒక పరిమితి ఉంటుంది, మామూలుగా అది 8. అద్దం బయట చెట్టు ఉందనుకోండి. ఆకులన్నీ ఆల్ఫా టెక్స్చర్ (ఆకు తప్ప మిగతాది పారదర్శకం చేసే బొమ్మ) అంటించిన పలుచటి కార్డులే, ప్రతి కార్డులోని ఖాళీ భాగం కూడా ఆ ఎనిమిదిలోంచే ఒకటి తీసుకుంటుంది. అద్దం రెండు తింటే కొమ్మలకు మిగిలేది ఆరు. చెట్టు గుబురుగా ఉన్న చోట నల్ల మచ్చలు కనబడతాయి. దాన్ని చూసి గాజు షేడర్ పాడైందని నోడ్లన్నీ కెలకడం మొదలుపెడతారు. ఆ 8ని 24 చేస్తే పోతుంది.

ముఖాలు లెక్కపెట్టండి

నల్లబడిన గాజుకు ఇంకో కారణం బౌన్స్‌లు, అంటే కిరణం ఒక్కో ముఖాన్ని తాకి ముందుకు సాగే సార్లు. ఇప్పుడు కమర్షియల్ బిల్డింగుల్లో వాడేది చాలావరకు డబుల్ గ్లేజింగ్, అంటే 6 మి.మీ. అద్దం, 12 మి.మీ. గాలి, మళ్లీ 6 మి.మీ. అద్దం. దాన్ని ఉన్నదున్నట్టు మోడల్ చేస్తే నాలుగు ముఖాలు. మూల గదిలో ఒక అద్దం గోడలోంచి చూస్తే అవతలి వైపు అద్దం గోడ కూడా కనబడుతుంది, ఎనిమిదయ్యాయి. మధ్యలో గాజు పార్టిషన్ ఉంటే పది, అవతలి బాల్కనీ గాజు రెయిలింగ్‌తో పన్నెండు. సైకిల్స్‌లో మొత్తం బౌన్స్‌ల డిఫాల్ట్ పన్నెండే. అంటే కిరణం బయటి గోడను చేరాక అక్కడి నుంచి పరోక్ష వెలుతురు తెచ్చుకోవడానికి దాని దగ్గర ఒక్క బౌన్స్ కూడా మిగలదు. ఇంకొక్క గాజు వస్తువు అడ్డొచ్చిందా, అక్కడ నలుపే.

బౌన్స్‌లు పెంచడం ఒక దారి. కానీ పెంచిన ప్రతి బౌన్స్‌కి సీన్ మొత్తం ఖర్చు కడుతుంది. డబుల్ గ్లేజింగ్‌తో సహా ప్రతి అద్దాన్నీ ఒక్కో ప్లేన్‌గా (మందం లేని పలకగా) పెట్టి థిన్ మెటీరియల్ ఇస్తే పన్నెండు ముఖాలు నాలుగవుతాయి. ఆర్కిటెక్ట్ పంపిన రెవిట్ (బిల్డింగ్ డిజైన్ సాఫ్ట్‌వేర్) మోడల్‌లో అద్దాలు నాలుగు పొరలతో వచ్చినా, కెమెరాకు దగ్గరగా లేనివన్నీ ఒక్క ప్లేన్ చేసేయడానికి మొహమాటపడక్కర్లేదు.

ప్లేన్ చేశాక థిన్ ఇవ్వడం మరిచిపోతే ఇంకో తంటా. కిరణం గాజులోకి వెళ్తుంది, బయటికి రావడానికి రెండో ముఖమే లేదు. ఇంజన్ దృష్టిలో బయట ఊరంతా ఒక పెద్ద గాజు దిమ్మలో ఉన్నట్టు. ఇలాంటిదే నార్మల్ (ముఖం ఎటు తిరిగి ఉందో చెప్పే దిక్కు) తిరగబడటం. 3డీ మోడల్స్ చేసే స్కెచప్‌లో నీలం ఛాయ ఉన్న వెనక ముఖం బయటికి తిరిగి ఉంటే, గాలిలోంచి గాజులోకి వెళ్తున్న కిరణాన్ని ఇంజన్ గాజులోంచి గాలిలోకి వస్తున్నట్టు లెక్కేస్తుంది. అప్పుడు 42 డిగ్రీలు దాటిన ప్రతి కిరణం పూర్తిగా వెనక్కి కొట్టేస్తుంది. ఎదురుగా చూస్తే బాగానే ఉన్న అద్దం, పక్క నుంచి చూస్తే నిలువుటద్దంలా మారిపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే.

గాజును గాజులా చూపేది పరావర్తనమే

వంగడం తీసేస్తే అద్దం అద్దంలా ఉంటుందా అన్న అనుమానం సహజం. బయటి నుంచి ఏ బిల్డింగునైనా గమనించండి. అద్దంలో మనకు కనిపించేది ఆకాశం, ఎదురు బిల్డింగు, చెట్లు. వంగడం ఎవరి కంటికీ ఆనదు.

ఐఓఆర్ (వక్రీభవన గుణకం) 1.5 ఉన్న గాజు ముఖం ఎదురుగా చూసినప్పుడు వెనక్కి పంపేది 4 శాతం వెలుతురే. 60 డిగ్రీల ఏటవాలులో అది 9 శాతం, 75 దగ్గర 25, 80 దగ్గర 39. ఫ్రెనెల్ అంటే ఇదే. ఒక్క అద్దానికి రెండు ముఖాలు కాబట్టి ఎదురుగా దాదాపు 8 శాతం, డబుల్ గ్లేజింగ్‌కి దాదాపు 14. తక్కువే అనిపిస్తుంది. కానీ మిట్టమధ్యాహ్నం ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది, ఆఫీసు లోపల కొన్ని వందలే. లోపలి నుంచి వచ్చే వెలుతురు కంటే బయటి దాంట్లో 14 శాతమే చాలా రెట్లు ఎక్కువ. హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పగలు ఏ టవరూ లోపల ఏముందో చూపించదు, సాయంత్రం ఆరున్నరకు లైట్లు వేశాక డెస్కులతో సహా కనబడుతుంది. పగటి రెండర్‌లో లోపలి ఫర్నిచర్ స్పష్టంగా కనబడాలని క్లయింట్ అడుగుతాడు, అడగనివ్వండి. దానికి లోపలి లైట్లు అబద్ధంగా పెంచాలి. అలా పెంచుతున్నామని తెలిసి చేస్తే చాలు, దానికోసం గాజు మెటీరియల్‌ను చెడగొట్టకండి.

ఇక్కడే థిన్ మెటీరియల్‌లో సరిచూసుకోవాల్సినది ఒకటుంది. కొన్ని ఇంజన్లు థిన్ అనగానే రెండు ముఖాల పరావర్తనాన్నీ వాటంతటవే కలిపేస్తాయి, కొన్ని ఒక్క ముఖానిదే లెక్కేస్తాయి. ఫ్రెనెల్ నోడ్‌తో మనం కలుపుకున్న షేడర్ రెండో రకం. అక్కడ ఐఓఆర్ 1.5 ఇస్తే అద్దం బలహీనంగా, ప్లాస్టిక్ షీట్‌లా తేలిపోతుంది. 8 శాతం రావాలంటే 1.8 దాకా, డబుల్ గ్లేజింగ్ 14 శాతానికి 2.2 దాకా పెట్టాలి. గాజు ఐఓఆర్ 1.52 కదా, 2.2 తప్పు కదా అని ఎవరైనా అంటే, ఆ అంకె ఇక్కడ కిరణాన్ని వంచడం లేదు, పరావర్తనం పాళ్లను మాత్రమే ఇస్తోందని చెప్పండి. ఎండను ఆపే కోటింగ్ ఉన్న ఫసాడ్ (బిల్డింగు బయటి ముఖం) గ్లాస్‌కి ఇంకా ఎక్కువ కావాలి. ఆ శాతం గాజు కంపెనీ డేటా షీట్‌లోనే ఉంటుంది, ఊహించక్కర్లేదు.

రెండర్‌లో ఫసాడ్‌ను పట్టించేసేది మాత్రం ఐఓఆర్ కాదు, అద్దాల చదును. టఫెన్ చేసేటప్పుడు (వేడిచేసి గట్టిపరిచేటప్పుడు) కాగే గాజు రోలర్ల మీద కదులుతుంది కాబట్టి సన్నటి అలలు మిగులుతాయి. డబుల్ గ్లేజింగ్‌లో సీల్ చేసిన గాలి ఎండకు వ్యాకోచించి అద్దాన్ని బయటికి ఉబ్బిస్తుంది, చలికి లోపలికి లాగుతుంది. బిగించేటప్పుడు ఒక్కో ప్యానెల్ వెంట్రుకవాసి తేడాతో కూర్చుంటుంది. ప్యానెల్ 0.2 డిగ్రీలు వంగితే పరావర్తనం 0.4 డిగ్రీలు జరుగుతుంది. వంద మీటర్ల దూరంలోని ఎదురు బిల్డింగు ప్రతిబింబం 70 సెం.మీ. పక్కకు పోతుంది. అందుకే నిజమైన ఫసాడ్‌లో ఎదురు బిల్డింగు గీతలు ప్యానెల్ ప్యానెల్‌కి విరిగి కనిపిస్తాయి. రెండర్‌లో అది ఒకే నిలువుటద్దంలా వస్తే చూసేవాళ్లకు కారణం చెప్పడం రాకపోయినా కంప్యూటర్ బొమ్మ అని తెలిసిపోతుంది. ప్యానెళ్లను కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పడం, పెద్ద స్కేల్ నాయిస్ టెక్స్చర్‌ను అతి తక్కువ బలంతో బంప్‌లో (ఉపరితలం ఎగుడుదిగుడుగా కనిపించేలా చేసే సెట్టింగ్) పెట్టడం, ఈ రెంటికీ రెండర్ టైమ్ దాదాపు ఏమీ కాదు. వక్రీభవనం మీద గంటలు ఖర్చుపెట్టి దీన్ని వదిలేయడం నాకు ఎప్పటికీ అర్థంకాని లెక్క.

లోపలి నుంచి తీసే పగటి షాట్ దీనికి తిరగేసిన కేసు. గదిలోంచి బయటికి చూస్తే అద్దం దాదాపు కనబడదు, బయటి వెలుతురు ముందు లోపలి ప్రతిబింబాలు ఆనవు. చాలా షాట్లలో అద్దాన్ని హైడ్ చేసేయొచ్చు. అది ఆపే పది పదిహేను శాతం వెలుతురును ఎక్స్‌పోజర్‌లో సర్దుకుంటే సరి. రాత్రి షాట్‌లో అలా కుదరదు. అప్పుడు అద్దమే గదికి అద్దం, అందులో సీలింగ్ లైట్లు, టీవీ, అన్నీ కనబడాలి. కెమెరాకు బాగా దగ్గరైతే ఒక్కో లైటు ప్రతిబింబం రెండు మూడుగా, కొద్ది దూరంలో పడాలి. ఆ ఒక్క కిటికీకి అసలు మందం, అసలు పొరలు ఇవ్వండి. అక్కడ ఖర్చుకు తగిన ఫలితం ఉంటుంది.

దగ్గరి నుంచి చూసే మరో వస్తువు బాల్కనీ రెయిలింగ్. లామినేటెడ్ గాజు (మధ్యలో పొర పెట్టి అతికించిన రెండు అద్దాలు) అంచు ఆకుపచ్చగా ఉంటుంది. గాజులోని ఇనుము ఎర్ర వెలుతురును కొంచెం కొంచెంగా తినేస్తుంది. ముందు నుంచి చూస్తే వెలుతురు ప్రయాణించేది పన్నెండు పద్నాలుగు మి.మీ. కాబట్టి రంగు తెలియదు, అంచు వైపు నుంచైతే చాలా దూరం గాజులోనే ప్రయాణిస్తుంది కాబట్టి పచ్చదనం తేలుతుంది. దీన్ని ఫాగ్ కలర్‌తో (గాజులో దూరం పెరిగేకొద్దీ రంగు ముదిరేలా చేసే సెట్టింగ్) సాధించాలంటే అసలు వక్రీభవనం, ఎక్కువ బౌన్స్‌లు కావాలి. పైగా ఫాగ్ సీన్ స్కేల్ మీద ఆధారపడుతుంది, అంగుళాల్లో చేసిన మోడల్ సెంటీమీటర్లలోకి రాగానే పాలిపోతుంది లేదా సీసా రంగుకు తిరుగుతుంది. దాని బదులు పెద్ద ముఖాలకు థిన్ గ్లాస్, సన్నటి అంచు ముఖాలకు మాత్రం విడిగా ముదురు ఆకుపచ్చ, కొద్దిగా పారదర్శకమైన మెటీరియల్ ఇచ్చి చూడండి. మామూలు బాల్కనీ షాట్‌లో ఈ తేడా ఎవరూ పట్టుకోలేరు. లామినేటెడ్ అయితే అంచు మధ్యలో 1.52 మి.మీ. పీవీబీ (అతికించే ప్లాస్టిక్) పొర పాలరంగు గీతలా కనబడుతుంది, క్లోజప్‌లో అది కూడా గీస్తే బాగుంటుంది.

డీనాయిజర్ (నాయిస్‌ను తుడిచే సాధనం) గురించి ఒక్క మాట. ఇంటెల్ 2019లో ఓపెన్ ఇమేజ్ డీనాయిజ్‌ను ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసింది, అదే ఏడాది చివర్లో బ్లెండర్‌లోకి వచ్చింది. అది బొమ్మతో పాటు ప్రతి పిక్సెల్‌లో ఉన్న ఉపరితలం రంగు, దిక్కు కూడా చూసి ఎక్కడ గీత ఉందో నిర్ణయించుకుంటుంది. ఆ సమాచారం అద్దం దగ్గరే ఆగిపోతే, వెనకున్న కర్టెన్ మడతలు దానికి తెలియవు. అన్నీ కలిపి పులిమేస్తుంది. థిన్ గాజైతే ఆ సమాచారాన్ని వెనక ఉపరితలం దాకా తీసుకెళ్లడం ఇంజన్‌కి తేలిక.

ఇంతా చేసి, నిజంగా వంగాల్సినవి

ఫ్లూటెడ్ గ్లాస్ (నిలువు గాళ్లున్న గాజు) ఇప్పుడు వార్డ్‌రోబ్ షటర్ల నుంచి పూజ గది తలుపుల దాకా అంతటా ఉంది. దాని అందమంతా వెనక వస్తువు నిలువు ముక్కలుగా విరిగి కనబడటంలోనే ఉంది. థిన్ ఇస్తే ఆ విరుపు పోయి చారల స్టిక్కర్ అంటించినట్టు అవుతుంది. దానికి అసలు జామెట్రీ, అసలు వక్రీభవనం పెట్టండి, షాడోల్లో మాత్రం పారదర్శకంగా ఉంచండి. గాజు ఇటుకలకూ, షాండ్లియర్ క్రిస్టల్స్‌కీ ఇదే పద్ధతి. బాత్రూమ్ ఫ్రాస్టెడ్ అద్దం ఇంకో రకం ఇబ్బంది. గరుకు ముఖం కిరణాన్ని ప్రతిసారీ ఒక్కో దిక్కుకి చెదరగొడుతుంది, రెండు ముఖాలూ గరుకైతే ఆ చెదరగొట్టడం రెండుసార్లు జరుగుతుంది. ఫ్రాస్టింగ్ నిజంలోనూ సాధారణంగా ఒకవైపే ఉంటుంది. రెండర్‌లో కూడా ఒకవైపే పెట్టి, రెండోది నున్నగా వదిలేయండి.

కాస్టిక్స్ నిజంగా కావాల్సింది స్విమ్మింగ్ పూల్‌కి. పూల్ అడుగున కదిలే వెలుతురు వల లేకపోతే అది నీళ్లలా ఉండదు. అక్కడ పైన చెప్పిన చిట్కాలేవీ పనికిరావు, నీటి పై ముఖానికి సమాంతరమైన రెండో ముఖం లేదు కాబట్టి కిరణం వంగి వంగినట్టే ఉండిపోతుంది. 2019లో వచ్చిన కరోనా 4 నుంచి దీనికి ప్రత్యేక సాల్వర్ ఉంది, సైకిల్స్‌లో 2022లో బ్లెండర్ 3.2తో షాడో కాస్టిక్స్ వచ్చాయి. వాటిలోనూ ఏ వస్తువు కాస్టిక్స్ పుట్టిస్తుందో విడిగా ఎంచుకునే వీలుంది, సైకిల్స్‌లో ఏ నేల వాటిని అందుకుంటుందో కూడా ఎంచుకోవచ్చు. పూల్‌కి ఆన్ చేయండి, పక్కనే ఉన్న క్లబ్‌హౌస్ అద్దాలకు ఆఫ్‌లోనే ఉంచండి.